పెట్టుడు మీసం

ఫిబ్రవరి 3

చెల్లాయ్,

నేను ఫోన్లో మాట్లాడటం మొదలుపెడితే నీకు "ఊఁ" అనడానికి కూడా సందు దొరకదని, ఇకమీదట ఏమున్నా కాగితం మీద రాయమని పోయినసారి బూత్‌లో ఫోన్ ఠపీమని పెట్టేశావు. బుద్ధిగా రాస్తున్నాను. కాగితం మీద కూడా నేనే ఎక్కువ మాట్లాడతానని నీకు కాసేపట్లో తెలుస్తుంది.

అసలు విశేషం, మీ అన్నయ్య ఇప్పుడు విలన్. ఉద్యోగాలిప్పిస్తామని చెప్పి ఆడపిల్లల్ని తీసుకెళ్ళి అమ్మేసేవాళ్ళు ఎక్కువయ్యారని, జనానికి తెలియజెప్పడానికి మా వీధివాళ్ళు ఒక కమిటీ వేశారు. అధ్యక్షురాలు రిటైరైన హెడ్‌మిస్ట్రెస్. ఆవిడ ఎదురుపడితే నేను ఇప్పటికీ చొక్కా గుండీలు సరిచూసుకుంటాను. నాకు ఫోటో స్టూడియో ఉంది కాబట్టి పోస్టరు పని నాకు అప్పగించారు. పోస్టరన్నాక పిల్లల్ని ఎత్తుకెళ్ళేవాడు ఒకడు ఉండాలి కదా. టైలర్ని అడిగితే తన గిరాకీ పోతుందన్నాడు. మందుల షాపాయన వాళ్ళావిడ ఒప్పుకోదన్నాడు. చివరికి నేనే నిలబడ్డాను. నిజం చెప్పొద్దూ, వాళ్ళెవరూ ఒప్పుకోకూడదని లోపల్లోపల కోరుకుంటూనే అడిగాను.

మీ వదిన పాత సవరంలోంచి కత్తిరించి ఇంత లావు మీసం అంటించుకున్నాను. చేతిలో తాడు, పక్కచూపు. హెడ్‌మిస్ట్రెస్ చూసి, "ఇలాంటివాడు వస్తే పిల్లలే పారిపోతారు కదయ్యా? మనలాంటి మనిషి ఉండాలి, మామూలు మనిషి" అంది. మామూలు మనిషిని పెడితే పోస్టరు ఎవరు చూస్తారండీ, కళ అనేది ఒకటుంటుంది కదా అని ఆవిడకే పాఠం చెప్పాను. ఆవిడ నావైపు అదోలా చూసింది. కింద పెద్ద అక్షరాలతో "జాగ్రత్త! మీ కాగితాలు ఎవరి చేతికీ ఇవ్వకండి" అని రాయించాం. ఆ మాట ఆవిడదే. దాని కింద ఉన్న ఫోన్ నంబరు కూడా ఆవిడ ఇంటిదే.

ఇరవై కాపీలు పంపుతున్నాను. మీ ఊళ్ళో జనం తిరిగేచోట అంటించు. నా మేనకోడలు పిచ్చుక పరీక్ష ఏమైంది?

నీ అన్నయ్య,
చూపులకు మాత్రమే దుర్మార్గుడు


ఫిబ్రవరి 11

అన్నయ్యా,

పోస్టర్లు అందాయి. విప్పి చూసి నవ్వీ నవ్వీ నాకు పొలమారింది. ఒకటి మా ఆసుపత్రి లాండ్రీ తలుపు మీద అంటించాను. బట్టలుతికే మెషీన్ దగ్గరుండే పెద్దావిడ వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ నీకు దణ్ణం పెడుతోంది. పోలీసు పెద్ద అనుకుందట. మిగతావి వార్డుబాయికిచ్చాను, రైల్వే స్టేషన్లో తనకు తెలిసినవాళ్ళున్నారన్నాడు.

పిచ్చుక లెక్కల్లో పోయింది. పోవడం సంగతి అటుంచి, పోయినందుకు దిగులైనా లేదు దానికి. పొద్దస్తమానం ఇంట్లో కూచుని రేడియోతో పోటీ పడుతుంది. ఆ గొంతు వాళ్ళ నాన్నది. ఆయనుంటే ఏదో ఒక దారి చూపించేవారు. నేను రోజుకు నాలుగు వందల దుప్పట్లు మడతపెట్టి ఇంటికొచ్చేసరికి చూపించడానికి నా దగ్గర వీపునొప్పి తప్ప ఏమీ ఉండదు. పదిహేడేళ్ళ పిల్లకి మర్యాదైన పని ఏదైనా నీ చెవిన పడితే చెప్పు.

వదినని అడిగానని చెప్పు. సవరం పాడుచేసినందుకు నిన్ను ఏమన్నదో అది కూడా రాయి.

నీ చెల్లాయి


ఫిబ్రవరి 20

చెల్లాయ్,

మీ వదిన అన్న మాటలు పోస్టులో పంపడానికి వీల్లేదు.

పోస్టరు బ్రహ్మాండంగా పనిచేసింది. ఎంత బ్రహ్మాండంగా అంటే, హెడ్‌మిస్ట్రెస్ ఇంటికి ఇప్పటికి పదకొండు ఫోన్లు వచ్చాయి. పదకొండూ నా మీదే. పోస్టరులో ఉన్న మనిషి ఫలానా వీధిలో స్టూడియో పెట్టుకుని బాహాటంగా కూచున్నాడని. నిన్న కానిస్టేబుల్ పోస్టరు పట్టుకుని వచ్చాడు. నా మొహాన్నీ దాన్నీ మార్చి మార్చి చూసి, "మీసం ఎప్పుడు తీసేశావ్?" అని గద్దించాడు. సొరుగులోంచి మీసం తీసి చూపించాను. దాంతో అనుమానం ఇంకా పెరిగింది. మీ వదిన వచ్చి, అది తన జుట్టేనని సాక్ష్యం చెబితే గానీ కదల్లేదు.

గిరాకీ మాత్రం తుడిచిపెట్టుకుపోయింది. పసిపిల్లలు నా గుమ్మం చూసి ఏడుస్తున్నారు. ఈ కష్టకాలంలో నన్ను నమ్మిన మనిషి ఒక్కరే. తెల్ల చేతిసంచి పట్టుకుని ఒక మేడమ్ వస్తోంది. మెత్తగా మాట్లాడుతుంది, కుర్చీ చూపించేదాకా కూచోదు. విదేశాల్లో పెద్దవాళ్ళని చూసుకునే పనులకు ఆడపిల్లల్ని పంపుతుందట. ఇప్పటికి ఆరుగురికి పాస్‌పోర్టు ఫోటోలు తీశాను. ఒకటే నీలం కోటు తెస్తుంది, అందరికీ అదే తొడిగిస్తుంది. పిల్లలు పీలగా, చిన్నగా కనిపిస్తే ఆఫీసర్లు అనవసరంగా ఆపేస్తారట, ఓ నాలుగేళ్ళు పెద్దగా కనిపించేట్టు చేయగలరా అని అడిగింది. నన్నా అడగడం! నెగెటివ్ మీద పెన్సిల్ పెడితే ముడతలు పోతాయి, బ్లేడుతో గీకితే వస్తాయి. ఇరవై ఏళ్ళుగా పెళ్ళికూతుళ్ళ మొటిమలు చెరిపీ చెరిపీ విసిగిపోయిన చెయ్యి ఇది. కళ్ళ కింద రెండు గీతలు, ముక్కు పక్కన రెండు. ఇరవై రెండేళ్ళు వచ్చి కూచున్నాయి. మీ చేతిలో మహిమ ఉందండీ అంది. అలాంటి మాట మన ఇంట్లో ఎవరైనా ఎప్పుడైనా అన్నారా?

మీకూ ఒక ఫోటో తీస్తానండీ, ఊరికే, అన్నాను. "నా మొహానికి ఫోటో ఎందుకండీ" అని నవ్వేసింది. ఎంత నిగర్వో చూడు.

పిచ్చుక సంగతి ఆవిడ చెవిన వేశాను. నీ అడ్రసిచ్చాను. అటువైపు పనుందట, వచ్చి కలుస్తుంది.

నీ అన్నయ్య


మార్చి 2

అన్నయ్యా,

మీ మేడమ్ వచ్చింది. నువ్వు చెప్పినట్టే మర్యాదస్తురాలు. నీ గురించి అరగంట చెప్పింది. ఇరవై ఏళ్ళుగా ఎరిగున్నట్టే మాట్లాడింది. పని పెద్దవాళ్ళకి మందులివ్వడం, నడిపించడం. పిచ్చుక అప్పుడే గాల్లో తేలుతోంది.

రెండు మాటలున్నాయి. ఫారంలో వయసు ఇరవై రెండు వేయాలంది. అందరూ వేస్తారట. ఆవిడ తెచ్చిన నీలం కోటు తొడిగి ఇక్కడ ఫోటో తీయించాం. నెగెటివ్ ఇందులో పెడుతున్నాను. నీ చేత టచింగ్ చేయించమని ఆవిడే చెప్పింది.

రెండోది నాకు మనసులో గుచ్చుకుంటోంది. సర్టిఫికెట్లు, పాస్‌పోర్టు వస్తే అదీ, అన్నీ తన దగ్గరే ఉంచుతానంటోంది. పిల్లలు పారేసుకుంటారట. నీ పోస్టరు మీద చూస్తే ఇవ్వొద్దని ఉంది. ఆ మాట ఆవిడతో అంటే, అది దొంగలకి చెప్పిన మాటమ్మా అని నవ్వింది. అన్నయ్యా, ఆవిడ ఆఫీసు ఎక్కడో, ఇంతకుముందు వెళ్ళిన ఆరుగురిలో ఎవరైనా ఉత్తరం రాశారో లేదో, నువ్వు కనుక్కున్నావా? నువ్వు సరేనంటేనే కాగితాలిస్తాను.

ఇంకో మాట, పోస్టరులో నీ మీసం ఎడమవైపు ఊడి వేలాడుతోంది. ఇంతమందిలో ఎవరూ చెప్పలేదా?

నీ చెల్లాయి


మార్చి 9

చెల్లాయ్,

మీసం ఊడలేదు! అది వెలుతురు. ఎడమవైపు నుంచి లైటు పడటంతో నీడ కిందికి జారి అలా అనిపిస్తోంది. భూతద్దం పెట్టి చూశాను, మీ వదినకీ చూపించాను. ఆవిడ ఊడిందనే అంటోంది, కానీ ఆవిడకు సవరం తాలూకు కోపం ఇంకా ఉంది. ఒరిజినల్ ప్రింటొకటి విడిగా పంపుతున్నాను, చూసి నీ అభిప్రాయం మార్చుకో. నీ ఉత్తరంలో ఈ పేరా నాలుగుసార్లు చదివాను. మిగతాదంతా తీరిగ్గా చదువుతాను.

పిచ్చుక ఫోటో చేశాను. కోటు కూడా అదే, ఎంత పద్ధతైన మనిషి! పదిహేడేళ్ళ మొహంలో ఇరవై రెండు తేవడం మాటలు కాదు, దాని బుగ్గలే అడ్డం. బ్లేడు పట్టుకుని మూడు గంటలు కూచున్నాను. తీరా చూస్తే అచ్చం బావ చనిపోయిన ఏడాది నువ్వున్నట్టే వచ్చింది. నా పనికి నేనే మురిసిపోయి ప్రింట్లు నేరుగా మేడమ్ చేతికే ఇచ్చాను.

నీ అన్నయ్య,
మీసం ఊడని మనిషి


మార్చి 16

అన్నయ్యా,

అడిగినదానికి జవాబు రాయలేదంటే సందేహపడాల్సిందేమీ లేదని అర్థం చేసుకున్నాను. అంత పని నీ చేత్తో చేసి ఆవిడకిచ్చావంటే నీకు నమ్మకమే కదా. నీకు నమ్మకమైతే నాకూ నమ్మకమే. కాగితాలన్నీ ఇచ్చేశాను. ఇరవై ఒకటో తేదీ పొద్దున పదింటికి రైలు. స్టేషన్‌కి నన్ను రావద్దంది, పిల్ల ఏడుస్తుందట. నాకు డ్యూటీ ఎలాగూ ఉంది.

పెట్టె సర్దుతుంటే చేతులాడటం లేదు. సంతోషమే అనుకుంటున్నాను.

నీ చెల్లాయి

మామయ్యా, నేను పిచ్చుకని. మేడమ్ చూపిస్తే నా ఫోటో చూసి నేనే గుర్తుపట్టలేదు. నన్ను ముసలిదాన్ని చేసినందుకు అక్కడ్నుంచి నీకు ఏమీ తేను.


మార్చి 21, రైల్లో

చెల్లాయ్,

ఈ ఉత్తరం నాకంటే ముందు నిన్ను చేరదు. తెలిసే రాస్తున్నాను. ఊరికే కూచుంటే రైలు పెట్టెలోంచి దూకేస్తానేమోనని భయంగా ఉంది.

నిన్న మధ్యాహ్నం హెడ్‌మిస్ట్రెస్ స్టూడియోకి వచ్చింది. రెండో పోస్టరు వేద్దాం, ఈసారి దుర్మార్గుడు వద్దు, పిల్లల మొహాలు పెడదాం అంది. నా దగ్గర లేనివా అని ఆ ఆరుగురివీ, ఏడోది పిచ్చుకదీ తీసి బల్ల మీద వరసగా పరిచాను. ఏడుగురికీ ఒకటే కోటు. ఏడుగురికీ కళ్ళ కింద అవే రెండు గీతలు, ముక్కు పక్కన అవే రెండు. అన్నీ నా బ్లేడువే. ఆవిడ వంగి ఒక్కొక్కటే చూసి, "వీళ్ళ అసలు వయసెంత?" అని అడిగింది. నాకు తెలియదు చెల్లాయ్. ఏడుగురిలో ఒక్కదాని వయసే తెలుసు.

అప్పుడే పోస్టులో నీ పదహారో తేదీ ఉత్తరం వచ్చింది. అది చదివి, మార్చి రెండున నువ్వు రాసింది వెతికి, నేను తీరిగ్గా చదువుతానన్న పేరా చదివాను. ఆసుపత్రికి ఫోన్ చేశాను. లాండ్రీకి ఫోన్ లేదు, చెబుతాంలే అన్నారు. మళ్ళీ చేశాను, మళ్ళీ అదే. పోలీసులకు చెబుదామని వెళ్తే, ఆవిడ ఎలా ఉంటుందని అడిగారు. మామూలుగా ఉంటుందన్నాను. ఫోటో ఉందా అన్నారు. ఊళ్ళో అందరి మొహాలూ ఉన్నాయి నా దగ్గర, ఆవిడది తప్ప.

ఇప్పుడు తొమ్మిదిన్నర. దొరికిన మొదటి బండి ఇదే, మధ్యాహ్నానికి గానీ మీ ఊరు చేరదు. లెక్కల్లో పిచ్చుక పోయింది గానీ, ఈ లెక్క నాకు ఎన్నిసార్లు వేసినా ఒకటే వస్తోంది.

అన్నయ్య


ఏప్రిల్ 1

అన్నయ్యా,

ఆ రోజు నువ్వు గుమ్మంలో నిలబడి ఏడుస్తుంటే నేను తలుపు వేశాను. అది తప్పని ఇప్పటికీ అనుకోవడం లేదు. పిల్ల ఇంట్లో ఉంది, బాగానే ఉంది అని కిటికీలోంచి చెప్పి పంపించాను. ఎలా తప్పించుకుందని నువ్వు అడిగావు. ఇప్పుడు చెబుతున్నాను, ఇంత ఆలస్యంగా చెప్పడం కూడా నీకు శిక్షే అనుకో.

మేడమ్ టికెట్ల దగ్గరికి వెళ్తూ దాన్ని ఒక గోడ పక్కన నిలబెట్టింది. ఆ గోడ మీద నువ్వున్నావు. మీసంతో. అది పగలబడి నవ్వి, పక్కనే టెలిఫోన్ బూత్ ఉంటే, కింద ఉన్న నంబరు నీ స్టూడియోదేననుకుని నిన్ను ఏడిపిద్దామని ఫోన్ చేసింది. గొంతు మార్చి, "హలో, పోస్టరులో దొంగ ఎక్కడున్నాడో నాకు తెలుసు" అందట. అవతల మీ హెడ్‌మిస్ట్రెస్. (ఈ సంగతి నేనే చెబుతాను, నీకు చెప్పొద్దని ఆవిడని అడిగాను.) "నాకూ తెలుసమ్మా, పదకొండు మంది చెప్పారు. అది సరే, నువ్వెక్కడున్నావు?" అంది. స్టేషన్లో అంది ఇది. "ఎవరితో వెళ్తున్నావు?" చెప్పింది. "నీ కాగితాలు ఎవరి దగ్గరున్నాయి?" మేడమ్ దగ్గర అంది.

ఆవిడ కంగారు పెట్టలేదట. "వెళ్ళి నా కాగితాలు నాకివ్వండి అని అడుగు. ఇస్తే రైలెక్కు. ఇవ్వకపోతే ఉన్నచోటే నిలబడి గొంతు చించుకుని కేకలు వెయ్యి" అందట. ఇది వెళ్ళి అడిగింది. రైల్లో ఇస్తానంది మేడమ్. మళ్ళీ అడిగింది. మేడమ్ నవ్వుతూనే దీని మణికట్టు పట్టుకుంది. ఆ వేళ్ళ గుర్తులు మూడు రోజులున్నాయి. దీని గొంతు సంగతి నీకు తెలుసు కదా. పోర్టర్లందరూ మూటలు వదిలేసి వచ్చారట. మేడమ్ జనంలో కలిసిపోయింది, చేతిసంచి మాత్రం ఒక పోర్టరు చేతికి చిక్కింది. అందులో దీని కాగితాలున్నాయి, ఇంకో ఇద్దరివీ ఉన్నాయి.

నీ పోస్టరు దాన్ని కాపాడిందని పొంగిపోకు. అది భయపడి ఆగలేదు, నిన్ను చూసి నవ్వొచ్చి ఆగింది. కాపాడింది మూడు ప్రశ్నలు. అందులో ఒకటి నేను నిన్నడిగాను. నువ్వు మీసం గురించి రాశావు.

నా తప్పూ ఉంది. ఇరవై రెండని ఫారంలో రాసింది నా చెయ్యే. దాని గురించి నీకు రాయడం తేలిక, రోజూ దాని మొహం చూడటం కష్టంగా ఉంది.

చెల్లాయి


ఏప్రిల్ 19

చెల్లాయ్,

నువ్వు తలుపు వేసినందుకు నాకు కోపం లేదు. నేనైతే కిటికీ కూడా వేసేవాణ్ణి.

పోలీసులు ఆ ఆరుగురి అసలు మొహాలు కావాలన్నారు. నా దగ్గర నెగెటివులున్నాయి, మొహాలు లేవు. గీకినది తిరిగి రాదు. పెన్సిల్ అయితే తుడిస్తే పోతుంది, బ్లేడు అలా కాదు. ఇన్నేళ్ళుగా తెలిసిన సంగతే, ఇప్పుడు అర్థమైంది. తొమ్మిది రోజులు షాపు మూసి, గీకినచోటల్లా సన్నటి పెన్సిల్‌తో పూడుస్తూ కూచున్నాను. ఒక్కో గీత పోతుంటే పిల్ల చిన్నదైపోతూ వచ్చింది. ఇరవై రెండు కాస్తా పదహారైంది, ఒకమ్మాయి పద్నాలుగుకి దిగింది. ఆ అమ్మాయి ఫోటో తీసేటప్పుడు కుర్చీలో కాళ్ళు ఊపుతుంటే, కదలకమ్మా ఫోటో చెడుతుందని కసిరాను. ఆ మాట గుర్తొచ్చి పెన్సిల్ కింద పెట్టి బయటికి వెళ్ళిపోయాను. మీ వదిన వచ్చి ఏమీ అనకుండా పక్కన కూచుంది. ఆవిడ ఏమీ అనలేదంటే నా పరిస్థితి ఊహించుకో.

ఆ ఫోటోలతో వెతికితే నలుగురు దొరికారు. ఇంకో ఊళ్ళో ఒక తాళం వేసిన ఇంట్లో ఉన్నారు, రైలెక్కించే రోజు కోసం చూస్తూ. ఇద్దరు దొరకలేదు. కాళ్ళు ఊపిన అమ్మాయి దొరకలేదు. మేడమ్ కూడా దొరకలేదు.

ఇక కమిటీ సంగతి. నా పేరు తీసేయమని నేనే అడిగాను. హెడ్‌మిస్ట్రెస్ ఒప్పుకోలేదు. తప్పించుకుపోతావా, కొత్త పోస్టరెవరు చేస్తారు అంది. చేశాను. ఇందులో పెట్టాను చూడు. ఈసారి మీసం లేదు, తాడు లేదు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, నా కుర్చీలో నేను, మామూలుగా నవ్వుతూ కూచున్నాను. కింద ఇలా రాయించాను: "ఈయన మంచివాడు. పిల్లల వయసు పెంచమంటే పెంచాడు, ఎందుకని అడగలేదు. మీరు అడగండి. ఎక్కడికి? ఎవరితో? కాగితాలు ఎవరి దగ్గర?" టైలరు చూసి, నీ పరువేం కాను అన్నాడు. పాత పోస్టరు చూసి పదకొండు మంది ఫోన్ చేశారు, ఇది చూసి ఇప్పటికి నలుగురే చేశారు. నలుగురిలో ఒక్కరూ నా మాటెత్తలేదు. నలుగురూ తమ పిల్లల గురించే అడిగారు.

పాత పోస్టరు తీసి చూశాను చెల్లాయ్. మీసం ఊడే ఉంది.

అన్నయ్య


మే 4

అన్నయ్యా,

కొత్త పోస్టరు లాండ్రీ తలుపు మీద అంటించాను. పెద్దావిడ దణ్ణం పెట్టడం మానేసింది. ఆగి చదివింది, చదివి తన మనవరాలి గురించి నన్నడిగింది. మధ్యాహ్నమంతా దాని గురించే మాట్లాడుకున్నాం, దుప్పట్లు అలాగే ఉండిపోయాయి.

దొరకని ఆ ఇద్దరి ఫోటోలు, నువ్వు పెన్సిల్‌తో సరిచేసినవి, పది కాపీలు పంపు. తలుపు మీద నీ పక్కన చోటుంది. స్టేషన్లో పోర్టర్లకి కూడా ఇస్తాను.

పిచ్చుక మళ్ళీ పరీక్షకి కడుతోంది. లెక్కలకి మీ హెడ్‌మిస్ట్రెస్ పోస్టులో పాఠాలు పంపిస్తానంది, అప్పుడే రెండొచ్చాయి. అవి చూశాక, విదేశాలే నయమేమో అంది పిచ్చుక. నేను నవ్వాను. చాలా రోజులైంది నవ్వి.

దరఖాస్తుకి ఫోటో కావాలి. కొత్తగా తీయించి నెగెటివ్ ఇందులో పెడుతున్నాను. ఇక్కడే ప్రింటు వేయించేదాన్ని, కానీ నీ దగ్గరికే పంపాలనిపించింది. గడ్డం మీద ఒక మొటిమ ఉంది, కన్ను ఒకటి కాస్త మూసుకుంది. దేన్నీ ముట్టుకోకు. పదిహేడేళ్ళ పిల్ల, పదిహేడేళ్ళ పిల్లలాగే కడిగి పంపించు.

నీ చెల్లాయి